కువైట్ సరీసృపాలు

కువైట్ దేశపు నేల మీద, దీవుల్లో, తీర జలాల్లో సహజంగా బతికే బల్లులు, తొండలు, ఉడుము, నలికిరులు, పురుగు బల్లి, పాములు, సముద్ర తాబేళ్లు, సముద్ర సర్పాలు ఈ వ్యాసం పరిధిలోకి వస్తాయి. నేల మీది జాతులు స్థూలంగా 40. దేశ విస్తీర్ణం 17,818 చదరపు కిలోమీటర్లు, అంటే ఉమ్మడి అనంతపురం జిల్లా కన్నా కాస్త తక్కువ. అంత చిన్న దేశంలో, ఏడాదికి సగటున 110-120 మిల్లీమీటర్లకు మించి వాన పడని చోట ఇది తక్కువ సంఖ్య కాదు. ఈ జంతువుల్లో దాదాపు అన్నిటి బతుకూ నేల పైపొరతో ముడిపడి ఉంది. బొరియ తవ్వడం, ఇసుకలో దాగడం, గుడ్లు పెట్టడం, ఎండ కాచుకోవడం అన్నీ అక్కడే. కాబట్టి వాటికి ఎదురైన నష్టాలు కూడా ఎక్కువగా ఆ పొర చెదిరిపోవడం వల్ల వచ్చినవే.

వర్గీకరణలో స్థానం

సరీసృపాలు పొలుసుల చర్మం గల, ఊపిరితిత్తులతో శ్వాసించే శీతల రక్త జంతువులు. ఒంటి వేడిని లోపల పుట్టించుకోలేవు. ఎండ నుంచి, వేడెక్కిన నేల నుంచి తెచ్చుకుంటాయి. ప్రపంచంలో వీటి జాతులు 12,000 దాటాయి. జీవించి ఉన్న వర్గాలు నాలుగు: బల్లులు, పాములు, పురుగు బల్లులు కలిసిన పొలుసుల వర్గం; తాబేళ్లు; మొసళ్లు; న్యూజిలాండ్‌లో మాత్రమే మిగిలిన టువటారా. కువైట్‌లో మొదటి రెండే ఉన్నాయి. ఏడాది పొడుగునా పారే నది ఒక్కటీ లేదు కనుక మొసలికి చోటు లేదు. తాబేళ్లు కూడా సముద్రానివే.

2022లో 'నేచర్' పత్రికలో వెలువడిన ప్రపంచ సరీసృపాల మదింపు 10,196 జాతులను పరిశీలించి, అయిదింట ఒక వంతుకు పైగా జాతులు అంతరించే ప్రమాదంలో ఉన్నాయని తేల్చింది. అడవుల్లో ఉండేవాటికన్నా ఎడారుల్లో ఉండేవాటికి ముప్పు తక్కువన్నది అందులోని మరో నిర్ధారణ. ఇది ప్రపంచ సగటు. మనుషులు, చమురు, వాహనాలు కిక్కిరిసిన చిన్న ఎడారికి దీన్ని నేరుగా వర్తింపజేయడం సరికాదు.

నైసర్గిక నేపథ్యం

కువైట్ ఎక్కువ భాగం చదునైన గులకరాతి మైదానం. పడమర, దక్షిణాన ఇసుక పరుపులు, తీరం వెంట 'సబ్ఖా' అనే ఉప్పు చవుడు నేలలు, కువైట్ అఖాతానికి ఉత్తరపు ఒడ్డున జాల్ అజ్-జోర్ అనే గట్టు ఉన్నాయి. వానలు నవంబరు-ఏప్రిల్ మధ్యే. అర్ఫజ్, రిమ్స్ అనే పొదలు ఎడారికి ప్రధానమైన పచ్చదనం. అర్ఫజ్ పువ్వు కువైట్ జాతీయ పుష్పం. ఆ పొదల మొదళ్ల చుట్టూ గాలికి పోగైన చిన్న ఇసుక దిబ్బలు బల్లులకు, ఎలుకలకు, వాటిని వేటాడే పాములకు నివాసాలు.

2016 జూలై 21న వాయవ్యాన ఉన్న మిత్రిబా కేంద్రంలో 53.9 డిగ్రీల సెల్సియస్ నమోదైంది. ప్రపంచ వాతావరణ సంస్థ దాన్ని పరిశీలించి ధ్రువీకరించింది. సముద్రమూ అంతే: 2020 జూలై చివర కువైట్ అఖాతంలో నీటి ఉష్ణోగ్రత 37.6 డిగ్రీలకు చేరినట్లు పరికరాలు నమోదు చేశాయి. అదే ఎడారిలో జనవరి రాత్రుల్లో ఉష్ణోగ్రత సున్నా దగ్గరికి పడిపోతుంది.

అధ్యయన చరిత్ర

ఈ ప్రాంతపు సరీసృపాల గురించిన రాతలు ప్రకృతి శాస్త్రం కన్నా పాతవి. తొమ్మిదో శతాబ్దంలో బస్రాలో జీవించిన అల్-జాహిజ్ తన 'కితాబ్ అల్-హయవాన్' గ్రంథంలో దబ్ అనే ముళ్లతోక బల్లి గురించి విస్తారంగా రాశాడు. కువైట్ నగరానికి బస్రా ఎంతో దూరం కాదు. ఆయన రాసింది ఈ ఎడారి జంతువు గురించే అనుకోవచ్చు.

శాస్త్రీయ నామకరణంలో భారతదేశంతో ఉన్న సంబంధం తెలుగు పాఠకులకు ఆసక్తి కలిగించేది. కువైట్ దబ్‌కు ఉన్న 'మైక్రోలెపిస్' అనే ఉపజాతి పేరు పెట్టింది భారత భూగర్భ సర్వేలో పనిచేసిన విలియం బ్లాన్‌ఫర్డ్, 1870లలో. అరేబియా కప్పతల తొండను 1894లో వర్ణించిన జాన్ అండర్సన్ అంతకుముందు కలకత్తా ఇండియన్ మ్యూజియంలో అధికారి. 1888లో జంతుశాస్త్రవేత్త బూలెంజర్ వర్ణించిన అరేబియా ఇసుక పాము శాస్త్రీయ నామం 'ఎరిక్స్ జయకరి'. మస్కట్‌లో సర్జన్‌గా పనిచేస్తూ జంతు నమూనాలు సేకరించి లండన్‌కు పంపిన ఆత్మారాం సదాశివ జయకర్ పేరది. అరేబియా కొమ్ముల పింజర పేరు (సెరాస్టెస్ గాస్పెరెట్టీ) 1967 నాటిది. అరేబియా పాముల మీద 1988లో సమగ్ర గ్రంథం రాసిన జాన్ గాస్పెరెట్టి గౌరవార్థం పెట్టారు.

దేశంలోపల పరిశోధనకు 1967లో ఏర్పడిన కువైట్ శాస్త్ర పరిశోధన సంస్థ, కువైట్ విశ్వవిద్యాలయం ముఖ్య కేంద్రాలు. 1991 యుద్ధం తర్వాత పరిశోధన దిశ మారింది. ఏ జాతి ఎక్కడుందన్న ప్రశ్న వెనక్కి వెళ్లి, చమురు పడ్డ నేలలో అది ఎలా బతుకుతోందన్న ప్రశ్న ముందుకు వచ్చింది (చూ. ముప్పులు).

ముఖ్య జాతులు

దబ్. ముళ్లతోక బల్లి, శాస్త్రీయ నామం యూరోమాస్టిక్స్ ఈజిప్టియా. కువైట్ సరీసృపాల్లో జనానికి బాగా తెలిసినది ఇదే. పెరిగిన దబ్ 60-70 సెంటీమీటర్ల పొడవు, రెండు కిలోలకు పైగా బరువు ఉంటుంది. చిన్న తల, బొద్దు ఒళ్లు, వరుసలు వరుసలుగా గట్టి ముళ్లున్న తోక. తోకతో కొడితే చర్మం చీరుకుపోతుంది. చూడ్డానికి ఉడుములా కనిపించినా ఉడుముకు దూరపు బంధువే. అసలు దగ్గరి చుట్టం తొండ. తొండ పురుగులు తింటే దబ్ ఆకులు, పూలు, గింజలు తింటుంది. నీరు తాగవలసిన అవసరం దాదాపుగా ఉండదు. తిన్న ఆకుల్లోని తేమతోనే గడుపుతుంది. ఆ ఆకుల్లో ఉండే అదనపు ఉప్పును ముక్కులోని గ్రంథుల ద్వారా బయటికి పంపుతుంది. ముక్కురంధ్రాల అంచున తెల్లగా పేరుకుని కనిపించేది ఆ ఉప్పే.

దబ్ దినచర్య అంతా బొరియ వాకిలి చుట్టూ తిరుగుతుంది. వాకిలి అర్ధచంద్రాకారంలో, దాని ఒళ్లు పట్టేంత వెడల్పుగా, పైకప్పు పల్చగా ఉంటుంది. దాని ముందు తవ్విపోసిన మట్టి కుప్ప. పొద్దున మొదట తల మాత్రమే బయటపెట్టి కదలకుండా ఉంటుంది. అప్పుడు ఒళ్లు ముదురు బూడిద రంగు, దాదాపు నలుపు. ఆ రంగు ఎండను బాగా పీలుస్తుంది. ఒళ్లు వేడెక్కే కొద్దీ రంగు తేలి లేత పసుపులోకి మారుతుంది. అప్పుడు మేతకు బయలుదేరుతుంది. మధ్యాహ్నం బొరియలోకి, మళ్లీ సాయంత్రం కాసేపు బయటికి. నక్కో మనిషో దగ్గరికి వస్తే లోపలికి దూరి, ఒళ్లు ఉబ్బించి గోడలకు బిగుసుకుని, ముళ్ల తోకను వాకిలికి అడ్డంపెడుతుంది. బొరియ కొన్ని మీటర్ల పొడవున ఏటవాలుగా దిగుతుంది. అడుగున వేసవి పగలు కూడా వేడి భరించగలిగేలా, గాలిలో కొంత తేమతో ఉంటుంది. చలికాలమంతా దబ్ అక్కడే నిద్రాణంగా పడి ఉండి వసంతంలో బయటికి వస్తుంది.

దబ్ తన బొరియలో తేలును కాపలా పెట్టుకుంటుందని అరబ్బుల్లో పాత నమ్మకం. కాపలా మాట ఎలా ఉన్నా, బొరియల్లో తేళ్లు, పాములు, ఇతర బల్లులు తలదాచుకోవడం నిజమే. దబ్ పోతే దాని బొరియ పూడుకుపోతుంది, దాంతో వీటికీ నీడ పోతుంది. ఈ జంతువు పెద్దదై గుడ్లు పెట్టడానికి కొన్నేళ్లు పడుతుంది, దశాబ్దాల పాటు బతుకుతుంది. అలాంటి జాతిలో పెద్దవాటినే ఏరి పట్టుకుంటే సంఖ్య త్వరగా కోలుకోదు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య (ఐయూసీఎన్) దీన్ని 'హాని పొందే అవకాశమున్న' జాతుల్లో చేర్చింది.

ఎడారి ఉడుము. స్థానికంగా 'వరల్' అంటారు. శాస్త్రీయ నామం వరానస్ గ్రీసియస్. మన ఉడుము ప్రజాతికి చెందినదే. చీలిన నాలుకతో వాసన పట్టుకుంటూ పగలంతా చాలా దూరం తిరుగుతుంది. బల్లులు, పాములు, ఎలుకలు, పక్షి గుడ్లు దాని ఆహారం. దబ్ పిల్లలనూ వదలదు. మూల పడితే బుసకొట్టి, తోకతో కొరడాలా కొడుతుంది. వన్యజాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందంలో ఇది మొదటి అనుబంధంలో ఉంది. అంటే దీని వాణిజ్యం నిషిద్ధం. భారతదేశపు ఉడుము కూడా అదే జాబితాలోనిదే.

కప్పతల తొండలు. అరచేతిలో పట్టే ఈ తొండలు రెండు జాతులు. అరేబియా కప్పతల తొండ ఇసుకలో ఉంటుంది, చుక్కల కప్పతల తొండ గట్టి నేలల్లో, చవుళ్ల అంచుల్లో ఉంటుంది. మొదటిది బెదిరితే పరిగెత్తదు. ఒంటిని పక్కలకు గబగబా వణికిస్తూ ఉన్నచోటే కిందికి దిగిపోతుంది. రెండు మూడు క్షణాల్లో ఇసుక మీద చిన్న ముడత తప్ప ఏమీ మిగలదు. తోక పైకెత్తి చుట్ట చుడుతూ విప్పుతూ ఒకదానికొకటి సంకేతాలు పంపుకుంటాయి. నేల కాలుతున్నప్పుడు వేళ్లు పైకెత్తి మడమల మీద నిలబడతాయి.

ఇసుక బల్లులు, గెక్కోలు. పగటిపూట పొదల మధ్య మెరుపులా పరిగెత్తేవి అకాంతోడాక్టిలస్ ప్రజాతి బల్లులు. వీటి కాలివేళ్ల అంచున దువ్వెన పళ్ల లాంటి పొలుసులుంటాయి. మెత్తటి ఇసుకలో కాలు దిగబడకుండా అవి ఆపుతాయి. రాత్రి వంతు స్టెనోడాక్టిలస్ గెక్కోలది. కువైట్ నగరంలో దీపాల దగ్గర గోడ మీద కనిపించేవి ఇంటి బల్లులు. వాటిలో పసుపు పొట్ట బల్లి మన ఉత్తరాది ఇళ్లలోనూ ఉన్నదే. గల్ఫ్ రేవులకు ఓడ సరుకుతో పాటు వ్యాపించిన జాతి అది.

నలికిరి. ఇసుకచేప అని పేరుపడ్డ స్కింకస్ ప్రజాతి నలికిరి ఇసుకలో నిజంగానే ఈదుతుంది. అది ఎలా సాగుతుందో ఎక్స్‌రే చిత్రాలతో పరిశీలించిన అమెరికా శాస్త్రవేత్తల వ్యాసం 2009లో 'సైన్స్' పత్రికలో వచ్చింది. ఇసుక లోపలికి దిగాక కాళ్లను ఒంటికి ఆనించుకుని, పాములా అలలు తిప్పుతూ ముందుకు పోతుందని తేలింది. పార లాంటి మూతి, నిగనిగలాడే పొలుసులు, ఇసుక చొరబడని ముక్కు దీనికి సహజంగా అమరిన పరికరాలు.

పురుగు బల్లి. డిప్లోమెటోపాన్ జరుద్నీ. బల్లీ కాదు, పామూ కాదు, మూడో శాఖ. కాళ్లు లేవు, కళ్లు అంతంతమాత్రం, లేత గులాబీ ఒంటి మీద ముదురు మచ్చలు. వానపాములా ఉంగరాలుంటాయి. తలను అటూ ఇటూ తిప్పుతూ మట్టిని తొలుచుకుంటూ పోయి చెదపురుగులను, పురుగుల లార్వాలను తింటుంది. అరేబియాకు, దాని పరిసరాలకు పరిమితమైన జంతువు. వాన పడ్డాక నేల మీద ఒక గీతలా దాని జాడ కనిపిస్తుంది.

పాములు. మనిషి ప్రాణానికి ముప్పు తెచ్చే నేల పాములు కువైట్‌లో రెండు. మొదటిది కొమ్ముల పింజర. అరవై సెంటీమీటర్ల చుట్టుపక్కల పొడవు, ఇసుక రంగు. కళ్లపైన పొలుసు కొమ్ములా నిలిచి ఉంటుంది, అయితే కొమ్ములు లేని పాములూ చాలానే పుడతాయి. ఒళ్లంతా ఇసుకలో పూడ్చుకుని కళ్లు మాత్రం బయటపెట్టి కాచుకుంటుంది. పక్కవాటుగా సాగుతుంది కాబట్టి ఇసుక మీద విడివిడి ఏటవాలు గీతలు పడతాయి. పక్కల ఉన్న రంపపు పొలుసులను రాపాడించి గరగర శబ్దం చేస్తుంది. దాని విషం ప్రధానంగా రక్తం మీద, కండరాల మీద పనిచేస్తుంది. రెండోది నల్ల ఎడారి నాగు (వాల్టరినేసియా మోర్గాని). నాగుపాము కుటుంబానిదైనా పడగ విప్పదు. నల్లగా నిగనిగలాడుతూ రాత్రిళ్లు తిరుగుతుంది. దీని విషం నాడులను దెబ్బతీస్తుంది. దీన్ని ఈజిప్టు జాతి నుంచి వేరు చేసింది 2007లోనే.

పడగ విప్పి భయపెట్టేది మరొకటి ఉంది: మోయిలా పాము. మెడ చదును చేసి లేస్తే నాగుపామే అనుకుంటారు. దీని కోరలు నోటి వెనక భాగంలో ఉంటాయి, విషం స్వల్పం. షొకారి ఇసుక పాము, ముకుట పాము, సూదిమూతి ఇసుక పాము మిగిలినవాటిలో తరచు కనిపించేవి. అరేబియా ఇసుక పాము (జయకర్ పాము) మన రెండు తలల పాముకు దాయాది, విషం లేనిది. కళ్లు తలకు పక్కన కాక నడినెత్తిన ఉంటాయి. ఇసుకలో మునిగి కూడా పైకి చూడటానికి ఆ ఏర్పాటు. మన రెండు తలల పాము పిల్లల్ని కంటే ఇది గుడ్లు పెడుతుంది.

సముద్ర తాబేళ్లు. దక్షిణ కువైట్ దీవులైన ఖారూ, ఉమ్ అల్-మరాదిమ్ తాబేళ్లు గుడ్లు పెట్టే చోట్లు. ఖారూ 300 మీటర్ల పొడవు కూడా లేని ఇసుక తిన్నె. వసంతాంతంలో, వేసవి మొదట్లో డేగముక్కు తాబేలు, ఎండాకాలం ముదిరాక పచ్చ తాబేలు రాత్రివేళ ఒడ్డుకు వచ్చి, వెనక కాళ్లతో గొయ్యి తవ్వి గుడ్లు పెట్టి, పూడ్చి వెళ్లిపోతాయి. పిల్లలు ఆడా మగా అన్నది గూటి ఇసుక వేడి తేలుస్తుంది. దాదాపు 29 డిగ్రీల దగ్గర రెండూ సమానంగా పుడతాయి, అంతకు మించితే ఆడపిల్లలు ఎక్కువ. గల్ఫ్‌లోని డేగముక్కు తాబేళ్లు ఇతర సముద్రాల వాటికన్నా చిన్నవి. నడివేసవిలో లోతు తక్కువైన వేడి నీళ్లు వదిలి లోతైన చల్లటి చోట్లకు తరలిపోతాయని ఉపగ్రహ పరికరాలు అమర్చి జరిపిన అధ్యయనాలు చూపాయి. కువైట్‌లో గూళ్లు తక్కువ. గల్ఫ్‌లో పచ్చ తాబేళ్ల పెద్ద స్థావరం సౌదీకి చెందిన కరాన్ దీవి. డేగముక్కు తాబేలు ప్రపంచవ్యాప్తంగా తీవ్రంగా అంతరించే ప్రమాదంలో ఉంది. పచ్చ తాబేలును మాత్రం 2025 అక్టోబరులో ఐయూసీఎన్ 'అంతరించే ప్రమాదంలో ఉన్న' వర్గం నుంచి తీసి 'తక్కువ ఆందోళన' వర్గంలో పెట్టింది. దశాబ్దాల పాటు గూళ్లను కాపాడిన ఫలితమది. అయితే ఆ మాట ప్రపంచం మొత్తానికి వర్తిస్తుంది; ఖారూలో వేళ్ల మీద లెక్కపెట్టగలిగే గూళ్లకు కాదు.

సముద్ర సర్పాలు. హైడ్రోఫిస్ ప్రజాతికి చెందినవి గల్ఫ్‌లో అనేకం. తెడ్డు లాంటి చదును తోక వీటి గుర్తు. నీటిలోనే పిల్లల్ని కంటాయి. విషం చాలా తీవ్రం, కానీ స్వభావం నెమ్మది. కరిచే సందర్భాలు దాదాపుగా వల విదిలించేటప్పుడే వస్తాయి.

వేడిని తట్టుకునే తీరు

ఎడారి సరీసృపం వేడిని ఓర్చుకుని బతుకుతుందన్నది సగం నిజమే. నిజానికి అది వేడిని తప్పించుకుని బతుకుతుంది. జూలై మధ్యాహ్నం కువైట్ ఇసుక పైన 60 డిగ్రీలు దాటుతుంది. అక్కడ నిలబడితే ఏ బల్లీ ఎంతోసేపు బతకదు. జానెడు లోతుకు వెళ్లేసరికి పరిస్థితి మారిపోతుంది. అందుకే ఒకటి తవ్వుకుంటుంది, ఒకటి ఈదుతుంది, ఒకటి వణుకుతూ దిగుతుంది. వేళలు మార్చుకోవడం రెండో ఉపాయం. వసంతంలో పగలు తిరిగే పాములు వేసవిలో రాత్రికి మారతాయి. మూడోది పొదుపు. సరీసృపానికి అదే బరువున్న క్షీరదంతో పోలిస్తే చాలా కొద్ది తిండి చాలు. మూత్రాన్ని నీళ్లుగా కాక తెల్లటి యూరిక్ ఆమ్లపు ముద్దగా వదులుతుంది. వానలు మొహం చాటేసిన ఏడాది కూడా ఇవి గడుపుకొస్తున్నాయంటే కారణం ఇదే.

మనుషులతో సంబంధం

దబ్ మాంసం బెదూయిన్ల పాత ఆహారం. ప్రవక్త ముహమ్మద్ తాను తినకపోయినా ఇతరులు తినడాన్ని నిషేధించలేదని హదీసుల్లో ఉంది. అందువల్ల చాలామంది దీన్ని తినదగినదిగానే భావిస్తారు, హనఫీ పండితులు మాత్రం అయిష్టత చూపుతారు. తోకలోని కొవ్వుకు గిరాకీ ఎక్కువ. వసంతంలో దబ్ వేట ఒకప్పుడు ఆకలి తీర్చుకోవడానికి; ఇప్పుడు ఎక్కువగా వినోదానికి, రుచికి. ఉచ్చు పన్నడం పాత పద్ధతి. బొరియలో ట్యాంకరు నీళ్లు పోయడం, బండి పొగగొట్టానికి గొట్టం తగిలించి లోపలికి పొగ పట్టడం కొత్తవి. ఈ రెండింటిలో బొరియ కూడా పాడైపోతుంది. కువైట్‌లోని అల్-రాయ్ ప్రాంతపు శుక్రవారం సంత పెంపుడు జంతువులకు పేరున్న చోటు. బల్లులు, తాబేళ్లు సరుకుగా మారే దారి అలాంటి సంతల గుండానే పోతుంది.

మన దేశపు ముళ్లతోక బల్లి రాజస్థాన్, గుజరాత్‌లలో ఉంటుంది. దాని కొవ్వు నుంచి తీసినదంటూ 'సాండా నూనె' పేరుతో రోడ్ల పక్కన అమ్మే మందుకు వైద్యపరమైన ఆధారం లేదు.

ముప్పులు

1991 యుద్ధం. కువైట్‌ను ఆక్రమించిన ఇరాక్ సేనలు వెనుదిరుగుతూ 600కు పైగా చమురు బావులకు నిప్పుపెట్టాయి. చివరి బావి మంట ఆర్పింది ఆ ఏడాది నవంబరు 6న. మండకుండా పారిన చమురు పల్లాల్లో నిలిచి వందలాది మడుగులైంది. గాలిలోకి లేచిన చమురు తుంపర, మసి కిందికి దిగి ఇసుకతో గులకతో కలిసి గట్టిపడి తారు పెచ్చుగా మారాయి. దేశ విస్తీర్ణంలో దాదాపు 5 శాతం దాని కింద పడిందని అంచనా. ఈదే నలికిరికి, వణుకుతూ దిగే తొండకు ఆ పెచ్చు మూసిన తలుపే. నల్లటి నేల త్వరగా కాగుతుంది కూడా. బుర్గాన్ చమురు క్షేత్రంలో ఇసుక బల్లుల మీద జరిగిన అధ్యయనాల్లో, నల్లబడ్డ చోట్లలోని బల్లులు శుభ్రమైన చోట్ల వాటికన్నా పొద్దున ముందుగా బయటికి వచ్చి మేత వెదుకుతున్నట్లు గమనించారు. నేల రంగు మారితే దినచర్యే మారిపోయిందన్నమాట. వాటి ఒంట్లో, అవి తినే చీమల్లో చమురు సంబంధ రసాయనాలు కనిపించాయి. తీరంలో పారిన చమురు తాబేళ్ల మేత చోట్లను, ఒడ్లను తాకింది. ఐక్యరాజ్యసమితి పరిహార సంఘం మంజూరు చేసిన సుమారు 300 కోట్ల డాలర్లతో కలుషిత నేలను శుద్ధి చేసే కార్యక్రమం ఏళ్ల తరబడి సాగుతోంది. తవ్వి తీసి శుద్ధి చేసే క్రమంలో నేల మళ్లీ ఒకసారి తిరగబడుతుంది. దానికి వేరే మార్గం లేదు.

గుడారాల కాలం. నవంబరు నడుమ నుంచి మార్చి నడుమ వరకు కువైట్ కుటుంబాలు ఎడారిలో గుడారాలు వేసుకుంటాయి. యుద్ధానికి ఉన్నంత పేరు దీనికి లేదు గానీ ప్రతి ఏటా జరుగుతుంది కాబట్టి దీని ప్రభావం తక్కువ కాదు. సరీసృపాలు బొరియల్లో నిద్రాణంగా ఉండే నెలలు సరిగ్గా ఇవే. హద్దు కట్టలకోసం బుల్‌డోజరు నేలను గీరుతుంది. దారి లేని చోట నాలుగు చక్రాల బండ్లు తిరుగుతాయి. బొరియ కప్పు కూలితే లోపలి జంతువుకు ఆ సంగతి వసంతంలోనే తెలుస్తుంది.

వీటికి తోడు గొర్రెలు, ఒంటెల అతిమేత, కంకర తవ్వకాలు, కొత్త నగరాల నిర్మాణం ఉన్నాయి. సముద్రంలో వదిలేసిన వలలు, ప్లాస్టిక్, పడవల తాకిడి, దీవుల మీద రాత్రి దీపాలు తాబేళ్లకు ప్రమాదాలు. వెలుగు చూసి పిల్లలు సముద్రం వైపు కాక లోపలికి నడుస్తాయి.

సంరక్షణ

2014 నాటి 42వ నంబరు పర్యావరణ పరిరక్షణ చట్టం వన్య జంతువులను వేటాడటం, చంపడం, పట్టుకోవడం, వాటి గూళ్లను పాడుచేయడం నేరమని చెబుతుంది. అమలు బాధ్యత పర్యావరణ ప్రజా సంస్థది. పర్యావరణ పోలీసులు తోడుంటారు. కువైట్ 2002లో సైటీస్‌లో, 2015లో చిత్తడి నేలల రామ్సార్ ఒప్పందంలో చేరింది. బూబియాన్ దీవిలోని ముబారక్ అల్-కబీర్ అభయారణ్యం దాని తొలి రామ్సార్ స్థలం.

నేల జాతులకు అన్నిటికన్నా ముఖ్యమైన ఆశ్రయం కువైట్ అఖాతం ఉత్తర తీరాన, జాల్ అజ్-జోర్ గట్టును కలుపుకుని ఉన్న సబా అల్-అహ్మద్ ప్రకృతి అభయారణ్యం, సుమారు 330 చదరపు కిలోమీటర్లు. ఇరాక్ ఆక్రమణ కాలంలో దాని కంచె ధ్వంసమైంది. తర్వాత మళ్లీ కట్టారు. కంచెకు అటూ ఇటూ చూస్తే తేడా కంటికే కనిపిస్తుంది: లోపల అర్ఫజ్ పొదలు, బయట ఎక్కువ చోట్ల ఉట్టి గులక. మేపు, చక్రం ఆగితే నేల తనంతట తాను కోలుకుంటుందనడానికి కువైట్‌లో ఇంతకన్నా స్పష్టమైన రుజువు లేదు.

తాబేళ్ల విషయంలో 2008లో మొదలైన కువైట్ తాబేళ్ల సంరక్షణ ప్రాజెక్టు ఖారూ, ఉమ్ అల్-మరాదిమ్ దీవుల్లో గూళ్లను లెక్కించి, గుర్తు బిళ్లలు, ఉపగ్రహ పరికరాలు అమర్చి వాటి రాకపోకలను నమోదు చేసింది. కువైట్ డైవ్ టీమ్ అనే స్వచ్ఛంద బృందం పగడపు దిబ్బలకు చిక్కుకున్న వలలను, మునిగిన పడవలను తొలగిస్తూ వస్తోంది. కువైట్ నగరపు శివారు సాల్మియాలో 2000లో తెరిచిన సైంటిఫిక్ సెంటర్‌లో ఎడారి జంతువులను, తాబేళ్లను జనం దగ్గరగా చూడవచ్చు.

చట్టం ఉంది, అభయారణ్యం ఉంది. లోటు ఉన్నది వాటి మధ్య మిగిలిన విశాలమైన ఎడారిలో; అక్కడ దబ్ వేట ఇప్పటికీ సాధారణమే.

ప్రవాస తెలుగువారికి

కువైట్‌లో కడప, అన్నమయ్య, ఉభయ గోదావరి జిల్లాల నుంచి వెళ్లినవారు పెద్ద సంఖ్యలో ఉన్నారు. వారిలో వఫ్రా, అబ్దలీ తోటల్లో, ఎడారిలోని పశువుల దొడ్లలో పనిచేసేవారికి పాములు ఎదురయ్యే అవకాశం ఎక్కువ. రాత్రి చెప్పులు లేకుండా నడవకపోవడం, టార్చి వాడటం, బూట్లు, దుప్పట్లు విదిలించి వాడుకోవడం, నేల మీద పడుకోకపోవడం ప్రధాన జాగ్రత్తలు. కాటు పడితే కోయడం, పీల్చడం, తాడు బిగించడం, పసరు వేయడం చేయకూడదు. కరిచిన కాలినో చేతినో కదలకుండా ఉంచి వెంటనే ఆసుపత్రికి చేరాలి. అత్యవసర సేవల నంబరు 112. భారతదేశంలో తయారయ్యే విష విరుగుడు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర విషాలకు ఉద్దేశించింది. ఊరి నుంచి తెప్పించుకున్నా అది కొమ్ముల పింజర కాటుకు నమ్మదగినది కాదు. అరేబియా పాముల విషాలకు వేరే విరుగుడు ఉంది. సౌదీ అరేబియాలో తయారవుతుంది.

యజమాని చెప్పినా సరే, దబ్‌ను పట్టడం, అమ్మడం చట్టరీత్యా నేరమే. శిక్ష పట్టినవాడి మీద పడుతుంది. ముళ్లతోక బల్లులన్నీ సైటీస్ రెండో అనుబంధంలో ఉన్నాయి కనుక దబ్ చర్మం, నూనె, బతికున్న పిల్ల వంటివి అనుమతి పత్రం లేకుండా సామాన్లలో ఇండియాకు తెస్తే విమానాశ్రయంలో కస్టమ్స్ అధికారులు స్వాధీనం చేసుకుని కేసు పెట్టవచ్చు.